పీపాలోకి తొంగిచూసిన కెమెరా: స్కోర్సేసీ ‘సైలెన్స్’

మార్టిన్ స్కోర్సేసీ ‘సైలెన్స్’ (2016) నేను మూడుసార్లు చూశాను. మొదటిసారి చివరి షాట్ దగ్గర ఏడ్చాను. రెండోసారి అదే షాట్ దగ్గర కోపం వచ్చింది. మూడోసారి మా నాన్నతో కలిసి చూశాను. ఆ కోపం గురించి, అది ఎంతవరకు న్యాయం అన్నదాని గురించి ఈ వ్యాసం. కథ చివరిదాకా చెప్పకుండా ఇది రాయడం కుదరదు. ఇంకా చూడనివాళ్ళు చూశాక చదివితే మంచిది.

కథ క్లుప్తంగా ఇదీ. 1640 ప్రాంతం. జపాన్‌లో క్రైస్తవం నిషేధం. అక్కడ ఇరవై ఏళ్ళకి పైగా పనిచేసిన పోర్చుగీసు జెస్యూట్ గురువు ఫెరేరా (లియామ్ నీసన్) మతం వదిలేశాడనీ, జపనీయుడిలా బతుకుతున్నాడనీ మకావుకి కబురొస్తుంది. ఆయన శిష్యులు రోడ్రిగ్స్ (ఆండ్రూ గార్‌ఫీల్డ్), గరూపె (ఆడమ్ డ్రైవర్) ఆ మాట నమ్మరు. గురువుని వెతుక్కుంటూ దొంగచాటుగా జపాన్ తీరంలో దిగుతారు. వాళ్ళకి దారి చూపించేవాడు కిచిజిరో అనే తాగుబోతు. తన వాళ్ళందరూ మతం వదలక మంటల్లో కాలిపోతుంటే, తనొక్కడూ యేసు బొమ్మ తొక్కి ప్రాణం దక్కించుకున్నవాడు. ఊళ్ళలో రహస్యంగా బతుకుతున్న క్రైస్తవులు ఈ ఇద్దరు గురువుల్ని కొండ మీద గుడిసెలో దాస్తారు. తర్వాత అధికారులు వస్తారు. తర్వాత చావులు. చివరికి రోడ్రిగ్స్ కూడా బొమ్మ తొక్కుతాడు.

ఇది ఊహలోంచి పుట్టిన కథ కాదు. 1549లో ఫ్రాన్సిస్ జేవియర్ కగోషిమాలో దిగినప్పుడు జపాన్‌లో ఈ మతం మొదలైంది. గోవాలో పనిచేసి, అక్కణ్ణించి తూర్పుకి వెళ్ళిన మనిషి ఆయన. ఆయన శరీరం ఇప్పటికీ గోవాలోనే ఉంది. మొదట్లో దొరలు ఆదరించారు. తర్వాత అనుమానం మొదలైంది. ఫాదర్ల వెనకాల పోర్చుగీసు, స్పెయిన్ ఓడలున్నాయి, ఓడల్లో తుపాకులున్నాయి. 1597లో నాగసాకిలో 26 మందిని శిలువలకి కట్టి ఈటెలతో పొడిచి చంపారు. వాళ్ళలో గొన్సాలో గార్సియా ముంబై దగ్గర వసాయిలో పుట్టినవాడు. 1614లో తొకుగవా ప్రభుత్వం మతాన్ని దేశమంతటా నిషేధించింది. ఫెరేరా నిజంగా ఉన్న మనిషే. 1633లో ఆయన్ని గోతిలో తలకిందులుగా వేలాడదీశారు, కొన్ని గంటల తర్వాత మతం వదిలేశాడు. రోడ్రిగ్స్‌కి మూలం జ్యుసెప్పె కియారా అనే ఇటాలియన్ జెస్యూట్. 1643లో జపాన్‌లో పట్టుబడి, మతం వదిలి, 1685లో ఎదో నగరంలో, అంటే ఇప్పటి టోక్యోలో, నిర్బంధంలోనే చనిపోయాడు.

ఈ చరిత్ర మీద షుసాకు ఎండో 1966లో ‘చిమ్మొకు’ నవల రాశాడు. ఎండో చిన్నప్పుడే తల్లి కోరిక మీద క్యాథలిక్ అయ్యాడు. తన మతాన్ని అమ్మ తొడిగిన, ఒంటికి సరిపోని విదేశీ సూటుతో పోల్చుకునేవాడు. 1971లో మసాహిరో షినోడా ఈ నవలని సినిమా తీశాడు. స్కోర్సేసీ చేతికి ఈ పుస్తకం 1988లో, ‘ది లాస్ట్ టెంప్టేషన్ ఆఫ్ క్రైస్ట్’ మీద గొడవలు జరుగుతున్న రోజుల్లో, న్యూయార్క్ బిషప్ పాల్ మూర్ నుంచి వచ్చింది. చదవడం పూర్తి చేసింది 1989లో జపాన్‌లో, కురొసావా ‘డ్రీమ్స్’లో వాన్‌గో వేషం వెయ్యడానికి వెళ్ళినప్పుడు. సినిమా తియ్యడానికి పాతికేళ్ళు పైనే పట్టింది.

మామూలుగా ఈ సినిమా గురించి ఎవరు మాట్లాడినా దేవుడి మౌనం గురించి మాట్లాడతారు. మనుషులు చస్తుంటే దేవుడు ఎందుకు పలకడు? టైటిలే అది కాబట్టి తప్పేం లేదు. నాకు మాత్రం ఈ సినిమాలో దేవుడి మౌనం కంటే పెద్ద విషయం ఇంకొకటి కనబడింది. ఒకడి విశ్వాసానికి పరీక్ష పెట్టేది ఎవరు? ఆ పరీక్షకి ఒళ్ళు ఎవరిది? మార్కులు వేసేది ఎవరు?

మొకిచి సీను చూడండి. అధికారులు ఊరిమీద పడి, కొంతమందిని నాగసాకికి రమ్మంటారు. అక్కడ ఫుమియె తొక్కమంటారు. ఫుమియె అంటే కొయ్య చట్రంలో బిగించిన రాగి రేకో కంచు రేకో, దాని మీద యేసు బొమ్మో మరియమ్మ బొమ్మో ఉంటుంది. మొకిచి (షిన్యా త్సుకమోటో) వచ్చి గురువుల్ని అడుగుతాడు, తొక్కమంటే ఏం చెయ్యాలి అని. రోడ్రిగ్స్ ఒక్క క్షణం కూడా ఆగడు. తొక్కెయ్యండి, ఫరవాలేదు అనేస్తాడు. గరూపె వెంటనే అడ్డుకుంటాడు, అలా ఎలా చెబుతావని. రోడ్రిగ్స్ నోటి నుంచి అసంకల్పితంగా వచ్చిన మాట అది. జాలితో వచ్చింది. ఆ మాట విని, వాళ్ళు తొక్కుతారు. అధికారులకి అది చాలదు. శిలువ మీద ఉమ్మమంటారు. కిచిజిరో ఉమ్ముతాడు. మొకిచి, ఇచిజో, ఇంకొకడు ఆ పని చెయ్యలేకపోతారు. వాళ్ళని సముద్రపు ఒడ్డున శిలువలకి కడతారు. పోటు వచ్చినప్పుడల్లా అలలు మొహం మీదికి కొడుతుంటాయి. మొకిచి చావడానికి నాలుగు రోజులు పడుతుంది. గురువులిద్దరూ కొండ మీది పొదల్లోంచి చూస్తుంటారు.

ఇక్కడే సినిమా తన అసలు లెక్క మొదలుపెట్టింది. ఇతరులకి ఒక్క క్షణంలో ఇవ్వగలిగిన అనుమతిని రోడ్రిగ్స్ తనకి తాను ఇచ్చుకోవడానికి మిగతా సినిమా అంతా పడుతుంది. పల్లెటూరి బెస్తవాడు తొక్కితే ఫరవాలేదు, ఫాదర్ తొక్కితే ఘోరం. ఎందుకు? గురువు కాబట్టి అన్న సమాధానం అతని దగ్గరుంది. మనకి కనబడేది ఇంకొకటి కూడా ఉంది. నీళ్ళలో తన మొహం చూసుకుంటుంటే అతనికి ఎల్ గ్రెకో గీసిన క్రీస్తు మొహం కనబడుతుంది. పిచ్చివాడిలా నవ్వుతాడు. తనే క్రీస్తు అయితే, కిచిజిరో తన యూదా. తను బంధింపబడటం గెత్సేమనే. రోడ్రిగ్స్ తన కథ ముందే రాసుకున్నాడు, అందులో హతసాక్షి మరణమే ముగింపు. గార్‌ఫీల్డ్ మొహంలో ఆ అమాయకమైన గర్వం కనబడుతూనే ఉంటుంది. అతన్ని మనం అసహ్యించుకోలేం, పూర్తిగా నమ్మనూలేం. ఈ సినిమాలో అంత కష్టమైన పాత్ర ఇంకొకటి లేదు.

ఈ గర్వాన్ని పసిగట్టినవాడు ఇనొవె (ఇస్సే ఒగాటా). ముసలాయన, విసనకర్రతో విసురుకుంటూ, ఈగల్ని తోలుకుంటూ, చమత్కారంగా మాట్లాడుతుంటాడు. ఫాదర్లని చంపితే హతసాక్షులవుతారని, హతసాక్షుల రక్తంతో మతం ఇంకా పెరుగుతుందని ఆయనకి అనుభవం మీద తెలుసు. అందుకే ఆయన రోడ్రిగ్స్ ఒంటి మీద చెయ్యి వెయ్యడు. అతని కోసం ఇతరుల్ని వేలాడదీస్తాడు.

గురక సీను నాకు ఈ సినిమాలో గుండెకాయ. చీకటి కొట్లో రోడ్రిగ్స్‌కి బయట ఎవరో గురక పెడుతున్న చప్పుడు వినబడుతుంది. తను రేపు చావబోతున్నాడు, కాపలావాడు హాయిగా నిద్రపోతున్నాడు అనుకుని నవ్వుకుంటాడు, విసుక్కుంటాడు. ఫెరేరా వచ్చి చెబుతాడు, అది గురక కాదని. గోతుల్లో తలకిందులుగా వేలాడుతున్న అయిదుగురి మూలుగు అది. చెవుల వెనక చిన్న గాటు పెట్టి, రక్తం బొట్టుబొట్టుగా కారేలా చేసి వదిలారు. వాళ్ళు ఎప్పుడో మతం వదిలేశారు కూడా. వదలాల్సింది రోడ్రిగ్స్. అతను వదిలేదాకా వాళ్ళు వేలాడాలి.

సినిమా అంతా దేవుడు పలకలేదని బాధపడ్డవాడికి మనుషులు పలుకుతుంటే గురకలాగా వినబడింది. ఎండో రాసిన ఈ ఘట్టాన్ని స్కోర్సేసీ అర్థం చేసుకుని తీశాడు. సినిమా శబ్దాల్ని వాడుకున్న తీరు కూడా అలాంటిదే. నల్లటి తెర మీద కీచురాళ్ళ రొదతో మొదలవుతుంది. పెరిగి పెరిగి టక్కున ఆగుతుంది, టైటిల్ పడుతుంది. సంగీతం ఉందా లేదా అన్నట్టు ఉంటుంది. గాలి, అలలు, వాన, పురుగులు. రెండు గంటల నలభై నిమిషాల సినిమాలో నిజమైన నిశ్శబ్దం ఉన్నది ఒకేచోట, రోడ్రిగ్స్ కాలు ఎత్తినప్పుడు. అప్పుడు క్రీస్తు గొంతు వినబడుతుంది, తొక్కమని. విలియం జాన్‌స్టన్ ఇంగ్లీషు అనువాదంలో అది ఆజ్ఞలా ఉంది. జపనీస్ మూలంలో అనుమతికి దగ్గరగా, ‘తొక్కవచ్చు’ అన్నట్టుగా ఉంటుందంటారు. ఆజ్ఞ అయితే పాటించాలి. అనుమతి అయితే ఆ కాలు ఇంకా మనిషిదే. ఆ తేడా చాలా పెద్దది. ఆ వినబడిన గొంతు దేవుడిదో, అలిసిపోయిన మనసుదో సినిమా చెప్పదు. చెప్పకపోవడమే దాని గొప్పతనం.

కిచిజిరో గురించి చెప్పాలి. యోసుకే కుబొజుకా చేసిన ఈ పాత్రని మొదటిసారి చూసినప్పుడు నేను కమెడియన్‌లా చూశాను. తొక్కుతాడు, పారిపోతాడు, వచ్చి కాళ్ళ మీద పడి పాపసంకీర్తనం వినమంటాడు. మళ్ళీ తొక్కుతాడు. వెండి నాణేలకి రోడ్రిగ్స్‌ని పట్టిస్తాడు. మళ్ళీ వాన‌లో నిలబడి, జైలు బయట అరుస్తూ క్షమించమంటాడు. హింస లేని కాలంలో పుట్టి ఉంటే నేనూ మంచి క్రైస్తవుడిగా చచ్చేవాణ్ణి కదా, నాలాంటి బలహీనుడికి ఈ లోకంలో చోటెక్కడ అన్నది అతని గోడు. థియేటర్లో అతను తిరిగొచ్చిన ప్రతిసారీ జనం నవ్వారు. నేనూ నవ్వాను.

ఆ నవ్వు ఎక్కడిదో నాకు తర్వాత తెలిసింది. ఇక్కడ మా నాన్న గురించి కొంచెం చెప్పాలి.

నేను సండేస్కూల్లో పెరిగిన మనిషిని. స్తెఫనుని రాళ్ళతో కొట్టడం, దానియేలు సింహాల గుహ, పేతురుని తలకిందులుగా శిలువ వెయ్యడం, ఇవన్నీ ఫ్లాష్‌కార్డుల మీద చూసినవే. మా ఇంట్లో మాత్రం నాన్నకి రెండు పేర్లు. చర్చిలో ఒకటి, సర్టిఫికెట్‌లో ఒకటి. సర్టిఫికెట్‌లో కులం పక్కన ‘హిందూ’ అని ఉంటుంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. క్రైస్తవుల్ని చేర్చలేదు. క్రైస్తవుడైన దళితుడికి మన దగ్గర దొరికేది బీసీ-సీ, ఒక్క శాతం రిజర్వేషన్. మతం మారితే అంటరానితనం పోదు, హోదా పోతుంది. ఊరి చివరి ఇల్లు ఊరి చివరే ఉంటుంది. నాన్న కాగితం మీద ఆ మాట రాయించుకున్నాడు. ఉద్యోగం దానితోనే వచ్చింది, మా చదువులు దానితోనే అయ్యాయి.

ఒక ఆదివారం, ప్రసంగానికి వచ్చిన బయటి ఊరి పాస్టరుగారు, కాగితాల మీద ప్రభువుని కాదన్నవాళ్ళ సంగతి ఎత్తుకున్నారు. రేపు తీర్పు దినాన ప్రభువు కూడా వాళ్ళని ఎరగనంటాడు అన్నారు. నాకప్పుడు పన్నెండేళ్ళు. పక్క వరసలో ఉన్న నాన్న వైపు చూశాను. తల దించుకుని బైబిల్ అట్ట గోటితో గీకుతున్నాడు. నాకు సిగ్గేసింది. ఆయన కోసం కాదు, ఆయన వల్ల. హతసాక్షుల కథలు విన్న పిల్లకి వాళ్ళ నాన్న కిచిజిరోలా కనబడ్డాడు.

గోతిలో వేలాడటానికీ, ఫారం నింపడానికీ పోలిక పెట్టడం లేదు. ఆ రెండింటినీ ఒక గాటన కడితే గోతిలో చచ్చినవాళ్ళకి అవమానం. నేను పోలుస్తున్నది ఆ తర్వాత మనం చూసే చూపుని. సినిమాలో దుబాసీ (తదనొబు అసానో) పదేపదే అదే చెబుతుంటాడు, ఇది ఉత్త లాంఛనం, మనస్ఫూర్తిగా చెయ్యక్కర్లేదు, కాలు పెడితే చాలు అని. రాజ్యానికి కావల్సింది కాలు మాత్రమే. లోపల ఏముందో దానికి పట్టదు. లోపల ఏముంది అని అడిగేది మనం. పాస్టరుగారు, పన్నెండేళ్ళ నేను, సినిమా చూసే ప్రేక్షకులు.

ఇప్పుడు ఆ చివరి షాట్. మతం వదిలాక రోడ్రిగ్స్‌కి చచ్చిపోయిన ఒక జపనీయుడి పేరు, భార్య, కొడుకు ఇస్తారు. ఫెరేరాతో కలిసి డచ్ ఓడల్లో వచ్చే సరుకుల్ని తనిఖీ చేస్తాడు, వాటిలో శిలువలు, క్రైస్తవ బొమ్మలు దాచారేమోనని. అడిగినప్పుడల్లా మతం వదిలానని రాసిస్తాడు. ఇదంతా డచ్ వర్తకులతో వచ్చిన ఒకడి కంఠంలో, దూరంగా, చప్పగా వినిపిస్తాడు స్కోర్సేసీ. ఇది అద్భుతంగా పనిచేసింది. ఇన్నాళ్ళూ రోడ్రిగ్స్ ఉత్తరాల్లో, అతని ప్రార్థనల్లో ఉన్న మనల్ని బయటికి నెట్టి తలుపు వేసేశాడు. ఇక ఆ మనిషి లోపల ఏముందో మనకి తెలీదు. ముసలివాడై చనిపోతాడు. బౌద్ధ పద్ధతిలో, గుండ్రటి కొయ్య పీపాలో కూర్చోబెట్టి దహనం చేస్తారు. అతని అంతరంగం సంగతి దేవుడికే తెలియాలి అన్న అర్థంలో ఆ కంఠం ముగిస్తుంది.

అక్కడ ఆగితే సరిపోయేది. కెమెరా ఆగలేదు. మంటల్లోకి, పీపాలోకి దూరి, శవం అరచేతుల మధ్య చూపిస్తుంది. అప్పుడెప్పుడో మొకిచి చెక్కి ఇచ్చిన చిన్న కొయ్య శిలువ. మెరుస్తోంది.

నవలలో ఈ శిలువ లేదు. ఎండో చివర్లో ఒక అధికారి రోజువారీ రికార్డు పెట్టాడు. ఎంత జీతం, ఎవరు కాపలా, ఎవరికి జబ్బు, అంతే. ఆ రికార్డుకి మనిషి లోపల ఏముందో తెలీదు, తెలుసుకోవాలని కూడా లేదు. చదివేవాళ్ళకి విసుగు పుట్టించే ఆ పేజీల్లో ఎండో తన పాత్రకి కొంచెం మరుగు మిగిల్చాడు.

రెండోసారి చూసినప్పుడు నా కోపం ఇదే. ఇనొవె కూడా అంత లోపలికి వెళ్ళలేదు. ఆయన కాలు చూసి ఊరుకున్నాడు. కెమెరా గుప్పిట విప్పి తనిఖీ చేసింది. విశ్వాసులైన ప్రేక్షకులకి హమ్మయ్య అనిపించే రసీదు చేతిలో పెట్టింది: చూశారా, లోపల మనవాడే. అంటే, ఒకవేళ ఆ చెయ్యి ఖాళీగా ఉంటే? ఆ అయిదుగురి కోసం తొక్కిన మనిషి, తర్వాత నిజంగానే నమ్మకం పోగొట్టుకుని ఉంటే? అప్పుడు మనం అతన్ని క్షమించమా? ఆ శిలువ ఉండటం వల్ల ఈ ప్రశ్న మనకి ఎదురుకాకుండా తప్పిపోయింది. బయటికి ఏం చేసినా లోపల నమ్మితే చాలు అన్న తేలిక మాట దగ్గరికి ఇంత బరువైన సినిమా జారిపోయింది అనిపించింది.

మూడోసారి నాన్నతో చూశాను. ఆయన రిటైరయ్యాడు. నా దగ్గరికి వచ్చినప్పుడు, ఇంగ్లీషు సబ్‌టైటిళ్ళు నేను తెలుగులో చెబుతుంటే ల్యాప్‌టాప్‌లో చూశాడు. కిచిజిరో వచ్చినప్పుడు ఆయన నవ్వలేదు. మూడోసారో నాలుగోసారో వచ్చినప్పుడు మాత్రం “మళ్ళీ వచ్చాడే” అన్నాడు, మెచ్చుకుంటున్నట్టు. అప్పటిదాకా నేను కిచిజిరో ఎన్నిసార్లు తొక్కాడో లెక్కపెట్టుకుంటున్నాను. నాన్న అతను ఎన్నిసార్లు తిరిగొచ్చాడో లెక్కపెడుతున్నాడు. నిజానికి చివరికి మతపు గుర్తు ఒంటిమీద ఉంచుకుని పట్టుబడేది కూడా కిచిజిరోనే. కెమెరా అతని వెంట వెళ్ళలేదు. అతని చావెలా వచ్చిందో, చేతిలో ఏముందో మనకి చూపించాలని ఎవరికీ అనిపించలేదు. నాకు ఈ సినిమా మీద మిగిలిపోయిన ఫిర్యాదు ఇది.

చివరి షాట్ వచ్చింది. నేను పైన రాసిన వాదన అంతా నాన్నకి చెప్పడానికి సిద్ధంగా ఉన్నాను. ఆయన స్క్రీన్ వైపు చూస్తూ “ఆవిడ పెట్టుంటుందమ్మా” అన్నాడు.

వెనక్కి తిప్పి చూశాను. దహనానికి ముందు, ఆచారం ప్రకారం శవం దగ్గర వస్తువు పెట్టడానికి భార్య వంగుతుంది. ఆమె చేతులు ఒక్క క్షణం అక్కడ ఆగుతాయి. సినిమాలో ఆమెకి మాట లేదు. ప్రభుత్వం కట్టబెట్టిన మనిషితో ఏళ్ళ తరబడి కాపురం చేసింది. ఆ శిలువ సంగతి ఆమెకి తెలుసని, దొరికితే తన మెడకి కూడా చుట్టుకునేదే అయినా దాచిందని ఆ ఒక్క క్షణంలో స్కోర్సేసీ చెప్పి ఉండొచ్చు. అలా చూస్తే ఆ గుప్పిట్లో ఉన్నది అతని విశ్వాసానికి రుజువు కాకపోవచ్చు. అతను లోపల నమ్మాడో లేదో ఆమెకీ తెలియకపోవచ్చు. తెలుసుకోకుండానే పెట్టి ఉండొచ్చు.

దీంతో నా కోపం పూర్తిగా పోలేదు. కెమెరా లోపలికి వెళ్ళకుండా ఆమె చేతుల దగ్గరే ఆగి ఉంటే ఇంకా మంచి సినిమా అయ్యేదని ఇప్పటికీ అనుకుంటాను. కానీ గుప్పిట విప్పి చూడాలనుకున్నది కెమెరా ఒక్కటే కాదని కూడా ఒప్పుకోవాలి. ఆ రోజు చర్చిలో నాన్న వైపు తిరిగిన నా చూపు కూడా అలాంటిదే. సినిమా అయిపోయాక, పేర్లు పడుతుంటే, పాట లేదు, అలల చప్పుడు, పురుగుల రొద. ఆ సర్టిఫికెట్ రాయించుకున్న రోజు నీకేమనిపించింది నాన్నా అని అడుగుదామనుకున్నాను. అడగలేదు. ల్యాప్‌టాప్ మూసి, అన్నం పెట్టాను.